జావెల్ చుక్క

దలెందా బ్లేడు అంచుతో పొరను గీకింది. పైనున్న బూడిదరంగు పొట్టు లేచిపోయి, కింద సున్నంలాంటి తెల్లదనం బయటపడింది. సన్నటి గాజు గొట్టాన్ని సీసాలో ముంచి, కొనకు నిలిచిన చుక్కను ఆ తెల్లదనం మీద వదిలింది. చుక్క నెమ్మదిగా లోపలికి ఇంకిపోయింది. తడిసిన చోటు తడిసినట్టే ఉంది. రంగు మారలేదు.

"తీయనా?" అన్నాడు రఊఫ్, కెమెరా గొట్టానికి కన్ను ఆనించి.

"తీయి."

"ఏమీ జరగనిదానికి ఫోటో తీయడం మన దగ్గరే చూస్తాం. పెళ్ళికూతురు రాని పెళ్ళికి ఫోటోలు తీసినట్టుంది."

దలెందా నవ్వలేదు. నవ్వాలని ఆమెకు తట్టలేదు. రఊఫ్ కూడా ఎదురుచూడలేదు. ఆమె తండ్రి జిలానీ పోయినప్పటినుంచి అతను తన హాస్యాలకు తానే నవ్వుకుంటున్నాడు.

సీసాకు నల్ల కాగితం చుట్టి ఉంది. వెలుతురు తగిలితే జావెల్ నీళ్ళు చచ్చిపోతాయని అందరూ గౌరవంగా సీ లజ్హర్ అని పిలిచే ఆచార్యుడు స్వయంగా చుట్టిన కాగితం. ఇళ్ళల్లో బట్టలు తెల్లబరచడానికి వాడే జావెలే అది. రాళ్ళమీద, మట్టిమీద పొరలా పెరిగే లైకెన్ మీద ఆ చుక్క పడితే కొన్ని జాతులు రక్తంలా ఎర్రబడతాయి, కొన్ని మారవు. దాన్ని బట్టే వాటిని వేరుచేస్తారు. దలెందా మూత బిగించేముందు అలవాటుగా వాసన చూసింది. ఏమీ తెలియలేదు. నాన్నను మట్టిలో పెట్టిన రోజునుంచి తనకు దేని వాసనా సరిగా తెలియడం లేదు. కాఫీ కూడా వేడినీళ్ళలా గొంతు దిగుతోంది.

బల్లమీద కాగితపు పొట్లాలు వరుసగా ఉన్నాయి. ఒక్కోదాంట్లో జిప్సం మట్టిపెళ్ళ, దానికి అతుక్కుని దళసరి తెల్లటి పొర, పొర నిండా చిన్న చిన్న గుంటలు. ఆ గుంటలే దాని పండ్లు. అవి పైకి పొడుచుకుని రావు, లోపలికి మునిగి, చుట్టూ రెండు అంచులతో చిన్న కుండల్లా ఉంటాయి. లోపలి బీజాలు గోధుమరంగువి, అడ్డంగా నిలువుగా గదులు కట్టిన ఇటుక గోడల్లాంటివి. ఇవన్నీ కలిస్తే డిప్లోస్కిస్టిస్ ప్రజాతి. అందులో అనుమానం లేదు. జాతి దగ్గరే పేచీ. ఈ జిప్సం గుట్టలమీద పెరిగే డయాకాప్సిస్ అయితే జావెల్‌కు ఎర్రబడాలి. ఎర్రబడని ఒసెల్లాటస్ అయితే పండ్లు పెద్దవిగా, పైకి తేలి ఉండాలి. ఇది ఎర్రబడదు, దీని పండ్లు చిన్నవి, మునిగినవి. అటూ ఇటూ కాని ఇది కొత్త జాతి అని సీ లజ్హర్ తేల్చాడు. వచ్చే నెల ఆయన పదవీ విరమణ. ఇది ఆయన ఆఖరి వ్యాసం.

జన్యుపరీక్ష కూడా చేయిద్దామని నమూనాలు రాజధానికి పంపారు. "మన ఊరి పేరు వినగానే అక్కడి యంత్రం చెడిపోతుంది" అన్నాడు రఊఫ్ అప్పట్లో. నిజంగానే అది చెడిపోయి ఉంది.

ప్రతి పొట్లం మీదా కింది వరసలో, సేకరించినవారు అన్నచోట, లజ్హర్ అని ఆయన వాలు అక్షరాలు ఉన్నాయి.

తలుపు తోసుకుని సీ లజ్హర్ లోపలికి వచ్చాడు. మోకాలి నొప్పి వల్ల ఒక కాలు ముందు పెట్టి రెండోది దానిదగ్గరకు లాక్కుంటాడు. కుర్చీ అంచున కూర్చుని, కాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"ఫోటోలు బాగా వచ్చాయా?"

"వచ్చాయి సీ లజ్హర్" అంది దలెందా.

"మంచిది. చూడమ్మాయ్, ఒక మాట. పేరు గురించి." ఆయన అద్దాలు వెలుతురుకి పట్టి చూశాడు. "ఆ జాతికి జిలానియి అని మీ నాన్న పేరు పెడదామనుకున్నాం కదా. కొంచెం ఆలోచించాను. ఫర్హాతియి అని పెడుతున్నాను."

ఫర్హాత్ కళాశాల సంచాలకుడు. లైకెన్ల గది తలుపు ఎటువైపు తెరుచుకుంటుందో కూడా ఆయనకు తెలియదు.

"నేను వెళ్ళిపోయాక ఈ గది ఉండాలా వద్దా? ఇప్పటికే సైకిళ్ళు పెట్టుకోవడానికి అడుగుతున్నారు. మనిషి పేరు ఒక జాతికి పెడితే, ఆ జాతి ఉన్న గదిని మూయించడానికి అతనికి చేతులు రావు. మీ నాన్న ఉంటే అర్థం చేసుకునేవాడు. దొడ్డ మనసు ఆయనది."

"సరే సీ లజ్హర్."

"బాధపడుతున్నావా?"

దలెందా ఆలోచించి చూసుకుంది. "లేదు" అంది. అది అబద్ధం కాదు. పంటి వైద్యుడు మందు పొడిచాక చెంపను వేలితో నొక్కితే ఎలా ఉంటుందో అలా ఉంది. నొక్కుతున్నట్టు మాత్రం తెలుస్తోంది.

ఆయన వెళ్ళాక రఊఫ్ కెమెరా మూత పెడుతూ, "సైకిళ్ళకు కూడా ఆయన పేరే పెడితే పోయేది" అన్నాడు.

*

ఆ సాయంత్రం తను అద్దెకుంటున్న గదికి వచ్చేసరికి అమ్మ అల్జియా ఫోను చేసింది. ఊళ్ళో కుళాయి సరిగా రావడంలేదని, నలభై రోజుల భోజనం నాడు పేదలకు పంచడానికి తీసిన జిలానీ చొక్కాలను అద్దెబండిలో కూతురి దగ్గరికి పంపింది. ఉతికి తెమ్మని.

"మూట అందిందా?"

"అందిందమ్మా."

"మెడపట్టీలు జావెల్‌లో నానబెట్టు. ఆయన చెమట మామూలుగా పోదు. ఇవాళ నూతికాడ మహ్బూబా ఏమందో తెలుసా? నీ మొగుడి పేరు రాతి బూజుకి పెట్టారంటగా అంది, అందరూ వింటుండగా."

"నువ్వేమన్నావు?"

"నీ మొగుడి పేరు బూజుకైనా పెట్టేవాడు లేడు కదే అన్నా. నోరు మూసుకుని చేద లాక్కుంది." అల్జియా గొంతులో చాలా రోజుల తర్వాత చిన్న మెరుపు వచ్చింది. "ఇంతకీ అచ్చులో ఎప్పుడొస్తుంది? ఆ కాగితం ఇమాముకు చూపించాలి."

దలెందా మూట ముడి విప్పుతోంది. "ఇంకా టైముంది" అంది.

చెప్పాలనుకుంది. నోరు తెరిచింది కూడా. మూటలోంచి పైచొక్కా బయటికి వచ్చింది. హల్ఫా గడ్డి పీకేటప్పుడు తొడుక్కునే చొక్కా అది. కుడి ముంజేతి దగ్గర బట్ట అరిగి పలచబడి ఉంది. గడ్డి పరకలను చిన్న కర్రకు చుట్టి, మోకాలు ఆనించి, ఒక్క గుంజుతో లాగేవాడు. ఆ గుంజుడు ఎప్పుడూ అదే చోట రాసుకునేది. కాగితపు మిల్లుకు గడ్డి పీకి పీకి, ఆ కాగితం మీద కూతురు చదువుకోవాలన్నాడు, చదివించాడు.

"ఉతికాక చెప్తానమ్మా" అంది, ఏం చెబుతుందో చెప్పకుండా.

వీధి చివర కొట్లో కొత్త జావెల్ సీసా కొంది. బకెట్లో నీళ్ళు పట్టి, మూత తిప్పి, వంచింది.

ఘాటు ముక్కులో కొట్టింది. కళ్ళు చెమర్చాయి. దగ్గు వచ్చింది. ముంజేత్తో ముక్కు మూసుకుని వెనక్కి తగ్గింది. మెడపట్టీల మీది పసుపు మరక ఆమె చూస్తుండగానే పలచబడింది.

కాసేపటికి ఆమె మళ్ళీ దగ్గరికి వెళ్ళి సీసాను ముక్కుకు ఆనించుకుంది. మళ్ళీ అదే ఘాటు. పొయ్యి దగ్గర కాఫీ డబ్బా తెరిచింది. వాసన తెలిసింది, అంత గట్టిగా కాకపోయినా. అటక మీద అమ్మ పంపిన హరీసా కారం సీసా తెరిచింది. వెల్లుల్లి, ఎండు మిరప, జీలకర్రలాంటి కారవే గింజలు, అన్నీ తెలిశాయి.

తన ముక్కు బాగానే ఉంది. నల్ల కాగితం చుట్టిన సీసాలోనే ఏమీ లేదు.

*

మర్నాడు అందరికంటే ముందు లైకెన్ల గది తాళం తీసింది. కొత్త జావెల్‌ను మందు సీసాలో కొంచెం పోసి తెచ్చుకుంది. పొట్లం విప్పి, ఒక పెళ్ళ తీసి, ఫోటో తీయని మూల పొట్టు గీకింది. చుక్క వదిలింది.

ఎర్రబడింది.

దానిమ్మ గింజ చిదిమినట్టు, అంత వేగంగా. ఆమె లెక్కపెట్టేలోపే అంచులనుంచి గోధుమరంగుకు తిరిగి, వెలిసిపోయింది. ఆ ఎరుపు ఎప్పుడూ నిలవదు. ఇంకో పెళ్ళ, ఇంకో చుక్క. ఎరుపే. ఇంకో పొట్లం. ఎరుపే.

చేయకూడని పని ఒకటి మిగిలింది. అల్మారాలో పాత నమూనాలున్నాయి, సీ లజ్హర్ గురువుగారి కాలంనాటివి. అందులో అందరూ ఒప్పుకున్న అసలు డయాకాప్సిస్ ఒకటి ఉంది. పరీక్ష మొదలుపెట్టేముందు, ఎర్రబడుతుందని తెలిసినదాని మీద ఒక చుక్క వేసి, జావెల్ బతికే ఉందో లేదో చూసుకోవాలి. పుస్తకాలన్నీ చెప్పేది అదే. కానీ ఈ గదిలో పాత నమూనాలను గీకడం సీ లజ్హర్ నిషేధించాడు. "ఇవి మళ్ళీ పుట్టవు. గీకి చుక్క వేసి చూడ్డానికి ఇవేమన్నా ఉల్లిపాయలా?" అనేవాడు. అందుకని ఎవరూ చూసుకోలేదు. ఆయన కాగితం చుట్టాడు, అది చాలనుకున్నారు.

దలెందా పాత డయాకాప్సిస్‌ను ఆవగింజంత గీకింది. నల్ల కాగితం సీసాలోంచి చుక్క వేసింది. ఏమీ లేదు. పక్కనే కొత్త జావెల్ వేసింది. ఎరుపు.

ఆమె కుర్చీలో కూర్చుంది. కిటికీ బయట పనివాళ్ళు వేపమొక్కల చుట్టూ పాదులు తీస్తున్నారు.

కొత్త జాతి లేదు. గుట్టమీద ఉన్నది ఎప్పటినుంచో ఉన్నదే. ఫర్హాత్ పేరు అసలు లేనిదానికి పెట్టబోతున్నారు. రేపో మాపో ఎవరో ఒకరు బతికున్న జావెల్‌తో పరీక్షిస్తారు. అప్పుడు ఫర్హాతియి అన్నది పుస్తకాల్లో డయాకాప్సిస్ కింద, చెల్లని పేర్ల వరసలో, చిన్న అక్షరాల్లోకి దిగిపోతుంది.

పోనీ, అనుకుంది. పొట్లాలు మూసేసింది. బ్లేడు తుడిచి పెట్టింది.

మధ్యాహ్నం రఊఫ్‌తో వీధిలో లబ్లాబీ తింది. శనగల పులుసులో నిన్నటి రొట్టె తుంచుకుంటూ రఊఫ్, "ఏంటి, ఇవాళ గిన్నె ఖాళీ చేశావు?" అన్నాడు.

"ఆకలేసింది."

"ఫర్హాతియికి శుభాకాంక్షలు చెబుదామా?"

"చెబుదాం" అంది దలెందా. పెదవి కొద్దిగా వంగింది. రఊఫ్ ఆశ్చర్యపోయి చెంచా కింద పెట్టాడు.

*

బుధవారం పొద్దున రఊఫ్ గదిలోకి దాదాపు పరిగెత్తుకొచ్చాడు. "విన్నావా? ఫర్హాత్‌ను ఎత్తేశారు! రాజధానిలో ఏదో కుర్చీకి బదిలీ. నిన్న సాయంత్రమే బల్ల సొరుగులు ఖాళీ చేసుకున్నాడట."

అతని వెనకే సీ లజ్హర్ వచ్చాడు. చేతిలో మిఠాయి పెట్టె. ఖర్జూరం కూరిన మక్రూద్, ఇంకా నూనె మెరుస్తోంది. పెట్టెను దలెందా ముందు పెట్టి మూత తీశాడు.

"తిను అమ్మాయ్. రాత్రి నాకు కంటిమీద కునుకు లేదు. దేవుడే నా తప్పు దిద్దాడు. జిలానియి అనే ఉంచుతున్నాను. రేపు పంపేస్తాం."

దలెందా మక్రూద్ చేతిలోకి తీసుకుంది. తేనె వేలికి అంటింది.

"సీ లజ్హర్, దాని గురించి..."

"ఏమీ మాట్లాడకు. నాకు సిగ్గుగా ఉంది. మీ అమ్మ నంబరు చెప్పు. నేనే చెప్తాను."

ఆమె చెప్పకముందే రఊఫ్ తన ఫోనులో నంబరు తీసి ఆయన చేతిలో పెట్టాడు. ఊళ్ళో చావుకు వచ్చినప్పుడు రాసుకున్న నంబరు. సీ లజ్హర్ అందరికీ వినపడేలా పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"అల్జియా చెల్లెమ్మా, నేను లజ్హర్‌ని. జిలానీ పేరు ఖాయమైంది. రేపు పంపుతున్నాం. ప్రపంచంలో ఎవరు ఆ జాతి గురించి రాసినా ఆయన పేరు రాయాల్సిందే."

అవతల కోళ్ళ అలికిడి వినిపించింది.

"చెల్లెమ్మా?"

"వింటున్నానన్నా." "ఆ మిల్లువాళ్ళు బతికినంతకాలం ఆయన్ని ఓయ్ అనే పిలిచారు. ఓయ్, ఆ మోపు ఇటు తే. ఓయ్, పక్కకి జరుగు. ఒక్కడూ పేరు పెట్టి పిలవలేదు." "మీ చేతులు చల్లగుండాలి."

సీ లజ్హర్ కళ్ళు ఒత్తుకున్నాడు. రఊఫ్ గోడవైపు తిరిగాడు. దలెందా మక్రూద్ కొరికింది. తియ్యగా ఉందని నాలుకకు తెలిసింది, అంతే. మింగడానికి నీళ్ళు తాగాల్సి వచ్చింది.

అద్దెగదికి తిరిగొచ్చాక ఆరేసిన చొక్కాల మధ్య నిలబడింది. ఈ పెళ్ళలకోసం గుట్టకు వెళ్ళిన రోజు నాన్న ఈ చొక్కాల్లో ఒకటే తొడుక్కున్నాడు. మోకాలు నొప్పని సీ లజ్హర్ కారులోనే ఉండిపోయాడు. తనూ నాన్నా ఎక్కారు. "ఇదిగో, ఉప్పు పొక్కు" అన్నాడు నాన్న, కాలితో నేలను చూపించి. "చిన్నప్పుడు దీన్ని గోటితో గిల్లితే మా అమ్మ కొట్టేది. గుట్ట చర్మం అది, ఊడదీస్తే మట్టి కొట్టుకుపోతుందని." అలా అంటూనే చాకు తీసి, పెళ్ళ అంచునే పట్టి, కూతురికోసం జాగ్రత్తగా ఊడదీశాడు. రొట్టె చుట్టిన కాగితంలో పెట్టాడు.

రేపు తను నోరు మూసుకుంటే ఆయన పేరు ఉంటుంది. ఎవరో ఒకరు బతికున్న జావెల్ తెచ్చేవరకు.

*

గురువారం సీ లజ్హర్ కొత్త కోటు వేసుకుని వచ్చాడు. వ్యాసం తెరమీద సిద్ధంగా ఉంది. రఊఫ్ వేలు మీట దగ్గర పెట్టుకుని, "బిస్మిల్లా అననా?" అన్నాడు.

"ఒక్క నిమిషం" అంది దలెందా. పెళ్ళను ఆయన ముందు పెట్టింది. గీకింది. మందు సీసాలోంచి చుక్క వేసింది.

ఎరుపు పొంగింది. సీ లజ్హర్ కళ్ళద్దాలు సర్దుకునేలోపు వెలిసింది.

"బ్లేడుకు ఏదో అంటుకుంది" అన్నాడు ఆయన.

ఆమె కొత్త బ్లేడు విప్పి ఆయన చేతికిచ్చింది. ఆయనే గీకాడు, ఆయనే చుక్క వేశాడు. మళ్ళీ ఎరుపు. అప్పుడాయన నల్ల కాగితం సీసా మూత తీసి వాసన చూశాడు. చాలాసేపు ముక్కు దగ్గరే ఉంచుకున్నాడు. తర్వాత అల్మారావైపు చూశాడు.

"పాతదాన్ని గీకావా?"

"గీకాను. ఆవగింజంత."

తిడతాడనుకుంది. తిట్టలేదు. "ఎన్నాళ్ళనుంచి చచ్చి ఉందో" అన్నాడు మెల్లగా. "ఇంతకుముందు నేను ఎర్రబడలేదని రాసినవన్నీ..." పూర్తిచేయలేదు. కొత్త కోటు భుజాల దగ్గర పెద్దదైనట్టు కనిపించింది. తలుపువైపు చూసి, "ఇది మన ముగ్గురికే తెలుసు. మీ అమ్మతో కూడా చెప్పేశాం" అన్నాడు.

"రేపు ఇంకెవరైనా కొత్త సీసాతో చూస్తారు. అప్పుడు మా నాన్న పేరు చెల్లని పేర్లలోకి పోతుంది. ఓయ్ అనడం కంటే అదే ఎక్కువ అవమానం, సీ లజ్హర్."

రఊఫ్ మీట మీంచి వేలు తీసేశాడు.

"సరే" అన్నాడు సీ లజ్హర్. "వ్యాసం ఆపుదాం. నేను నీకేం చెయ్యను?"

ఆమె పొట్లాలను ఆయన ముందుకు జరిపింది. "వీటిమీద సేకరించినవారు అన్నచోట మీ పేరుంది. ఆ రోజు మీరు కారులో ఉన్నారు. వీటిని ఊడదీసింది మా నాన్న. ఆ పేరు మార్చండి."

ఆయన ఆమెను చూశాడు, పొట్లాలను చూశాడు. కొత్త జాతికి పేరిచ్చేటప్పుడు లేని తడబాటు ఆయన మొహంలోకి వచ్చింది.

"అది... అది వేరు అమ్మాయ్. ఈ గదిలో అన్నీ నా వరసలో ఉన్నాయి. ప్రయాణం నేను ఏర్పాటు చేశాను. కారు నాది. సేకరణ అంటే చేతులు ఒక్కటే కాదు కదా."

"కాదు. కానీ చేతులు ఆయనవి."

బయట పాదులు తవ్వే పార చప్పుడు వినిపించింది. సీ లజ్హర్ జేబులోంచి కలం తీశాడు. మొదటి పొట్లం మీద తన పేరు దగ్గర కొన ఆనించాడు. అక్కడే ఆగిపోయింది చెయ్యి. తర్వాత ఒక గీత గీశాడు, సన్నగా, కింది అక్షరాలు చదవడానికి వీలుగా. కలం ఆమెకు ఇచ్చాడు.

"నా రాత బాగుండదు. నువ్వు రాయి."

ఆమె పైవరసలో డిప్లోస్కిస్టిస్ డయాకాప్సిస్ అని రాసింది. కింద జిలానీ బిన్ అమ్మార్ అని రాసింది. పొట్లం తర్వాత పొట్లం, అదే మాట, అదే వరసలో. సీ లజ్హర్ ఒక్కోదాని మీద గీత గీసి ఇస్తున్నాడు. రఊఫ్ నల్ల కాగితం సీసాను తొట్టిలో ఒంపాడు. వాసన ఏమీ రాలేదు.

సాయంత్రం అద్దెగదిలో కూర్చుని అమ్మకు ఫోను చేసింది. మొత్తం చెప్పింది. చచ్చిన జావెల్, ఎర్రటి చుక్క, లేని జాతి, అన్నీ. అల్జియా మధ్యలో ఒక్కసారీ ఆపలేదు.

"అంటే పేరు లేదు" అంది చివరికి.

"దానికి లేదమ్మా."

"ఆయన తీసిన పెళ్ళ ఉందా అక్కడ? పారేశారా?"

"ఉంది. అల్మారాలో పెట్టాం. జిలానీ బిన్ అమ్మార్ తీశాడని రాసి ఉంది."

అవతల అమ్మ కోళ్ళను అదిలించిన చప్పుడు వినిపించింది.

"తీసింది ఆయనే కదా" అంది అల్జియా. తర్వాత, "మహ్బూబాకి ఏం చెప్పాలో నేను చూసుకుంటాలే. చొక్కాలు ఆరాయా?"

"ఆరాయి."

"మరక పోయిందా?"

దలెందా తాడు మీంచి పైచొక్కా తీసింది. మెడపట్టీ తెల్లగా ఉంది. ముంజేతి దగ్గర బట్ట అలాగే పలచగా ఉంది. వెలుతురుకి పట్టుకుంటే అవతలి గోడ కనిపిస్తోంది.

"పోయింది" అంది.

"అయితే మడతపెట్టి తే. ఆ గడ్డి చొక్కా మాత్రం పంచొద్దు."

ఆమె చొక్కాను మొహానికి దగ్గరగా పట్టుకుంది. జావెల్ ఘాటు ఇంకా ఉంది. దాని కింద ఇంకేదైనా మిగిలిందేమోనని ఊపిరి గట్టిగా పీల్చింది. కళ్ళు మండాయి. తుడుచుకోకుండా చొక్కా మడతపెట్టడం మొదలుపెట్టింది, ముందు చేతులు లోపలికి, తర్వాత అంచులు.